రాజు సంతకం ఆపగలరా? బ్రిటన్ రాచరికానికి అసలు అధికారం ఎక్కడుంది

ఏటిగట్టు · #1

పాలిటీ పుస్తకం ఏది తీసినా బ్రిటన్ రాజు గద్దె మీద ఉంటాడు గానీ పాలించడు అనే రాసి ఉంటుంది. అంతటితో అధ్యాయం ముగిసిపోతుంది. నాకు కావలసింది ఆ తర్వాతి సంగతి. పార్లమెంటు పాసు చేసిన బిల్లును చార్లెస్ ఆపగలరా? ప్రధానిని ఇంటికి పంపగలరా? ఏ అధికారమూ లేని మనిషి ప్రతి వారం ప్రధానితో తలుపులు మూసుకుని ఏం మాట్లాడతారు, ఆ మాటలు బయటికెందుకు రావు? పద్ధతి తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

సభాపర్వం · #2

మొదటి ప్రశ్నకు జవాబు: ఆపలేరు. చివరిసారి రాజామోదం నిరాకరించింది 1708లో, క్వీన్ ఆన్. అది స్కాట్లండ్ మిలీషియా బిల్లు. ఫ్రెంచి నౌకలు స్కాట్లండ్ వైపు బయల్దేరాయని కబురొచ్చింది. అక్కడి జనానికి ఆయుధాలిస్తే అవి గద్దె దిగిన స్టూవర్ట్ వంశానికే పనికొస్తాయని మంత్రులు భయపడ్డారు, ఆపమని వాళ్లే సలహా ఇచ్చారు. అంటే ఆ ఒక్క నిరాకరణ కూడా రాణి సొంత ఇష్టంతో జరిగింది కాదు.

ఇప్పుడు రాజు బిల్లు ప్రతి మీద సంతకం చేయరు. ఆమోదం పొందాల్సిన బిల్లుల పేర్లతో లెటర్స్ పేటెంట్ అనే పత్రం తయారవుతుంది, సంతకం దాని మీద. 1967 చట్టం వచ్చాక, ఆ సంగతి రెండు సభల్లో (ప్రజలు ఎన్నుకునే కామన్స్, ఎన్నిక లేని లార్డ్స్) స్పీకర్లు ప్రకటిస్తే చాలు, బిల్లు చట్టమైపోతుంది. రాజో రాణో స్వయంగా సభకు వచ్చి ఆమోదం తెలపడం 1854లో విక్టోరియాతోనే ఆగిపోయింది.

రేపు చార్లెస్ సంతకం పెట్టనంటే ఏమవుతుంది? చట్టంలో అందుకు శిక్ష లేదు. కానీ మంత్రివర్గం రాజీనామా చేస్తుంది, ఎన్నిక వస్తుంది, ఆ ఎన్నికలో ఏకైక అంశం రాజే అవుతారు. ఆ పందెం కాయడానికి మూడు వందల ఏళ్లుగా ఎవరూ ముందుకు రాలేదు.

తూర్పుకనుమ · #3

సభాపర్వం గారు చెప్పింది బిల్లు చివరి మెట్టు గురించి. అందరూ ఆ మెట్టునే చూస్తారు, అసలు కథ దానికి ముందు మెట్టు దగ్గరుంది. రాజామోదం వేరు, రాజసమ్మతి వేరు. ఇంగ్లీషులో ఒకటి అసెంట్, రెండోది కన్సెంట్.

ఒక బిల్లు రాజు విశేషాధికారాలను (పార్లమెంటు ఓటు అక్కర్లేకుండా రాజు పేరు మీద వాడే అధికారాలను) గానీ, ఆయన ఆస్తులను, సొంత ప్రయోజనాలను గానీ తాకితే, దానిమీద చివరి ఓటింగు కంటే ముందే ప్యాలెస్ సమ్మతి తీసుకోవాలి. డచీ ఆఫ్ కార్న్‌వాల్ (యువరాజుకు ఆదాయమిచ్చే ఎస్టేట్) భూములు తగిలితే యువరాజు సమ్మతి కూడా విడిగా కావాలి. వరస ఇది:

బిల్లు రాసే న్యాయవాదులు ఫలానా క్లాజు రాచరికాన్ని తాకుతోందని గుర్తిస్తారు. సంబంధిత మంత్రిత్వ శాఖ రాజు ప్రైవేట్ సెక్రటరీకి ఉత్తరం రాస్తుంది, బిల్లు ఏమిటో, ఎక్కడ తాకుతుందో వివరిస్తుంది. కనీసం పద్నాలుగు రోజుల గడువివ్వాలని ప్రభుత్వ మార్గదర్శకాలున్నాయి. ప్యాలెస్ లాయర్లు ఆ ముసాయిదా చదువుతారు. సమ్మతి వచ్చాక, సాధారణంగా మూడో పఠనం (సభలో బిల్లు ఆఖరి దశ) దగ్గర, కామన్స్‌లో ప్రివీ కౌన్సిల్ (రాజుకు సలహా ఇచ్చే మండలి) సభ్యుడైన మంత్రి ఒకరు తల ఊపుతారు. లార్డ్స్‌లో అయితే ఒక నిర్ణీత వాక్యం చదువుతారు. సమ్మతి అవసరమై కూడా రాకపోతే, స్పీకర్ ఆ ప్రశ్నను ఓటుకే పెట్టరు.

దేశంలో మరే భూస్వామికైనా, మరే వాటాదారుకైనా, తనను తాకే చట్టం ముసాయిదాను ముందే చూసి లాయర్లతో చదివించుకునే హక్కు ఉందా?

సెక్షన్_మూడు · #4

తూర్పుకనుమ గారూ, సమ్మతి కూడా మంత్రుల సలహా మీదే ఇస్తారు. ప్యాలెస్ ఎప్పుడూ చెప్పేది అదే. 1999లో టామ్ డాల్యెల్ అనే లేబర్ ఎంపీ, ఇరాక్ మీద దాడికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి చేస్తూ ప్రైవేటు మెంబరు బిల్లు తెచ్చారు. యుద్ధం ప్రకటించడం రాజ విశేషాధికారం కాబట్టి రాణి సమ్మతి కావలసి వచ్చింది, అది దొరకలేదు, బిల్లు మీద చర్చే జరగలేదు. నిరాకరణ రాణి పేరు మీద జరిగినా, వద్దని సలహా ఇచ్చింది బ్లెయిర్ ప్రభుత్వం. తన చేతికి సంకెళ్లు వేసే బిల్లును ప్రభుత్వమే కిరీటం చాటున దాగి చంపేసింది. ఇందులో రాణి దుర్వినియోగం చేసిందేముంది?

తూర్పుకనుమ · #5

ఆ ఉదాహరణ వరకు ఒప్పుకుంటాను, ఇంకా గట్టిగా కూడా చెప్తాను: రాచరికం వల్ల ఎక్కువ లాభం ప్రధానమంత్రికే. కానీ 1973 సంగతి చూడండి. కంపెనీల్లో అసలు వాటాదారులెవరో బయటపెట్టేలా ప్రభుత్వం ఒక బిల్లు తయారు చేస్తోంది. రాణి సొంత లాయరు అధికారులను కలిసి, ఆమె పెట్టుబడుల వివరాలు బయటపడకూడదని ఒత్తిడి తెచ్చినట్టు నేషనల్ ఆర్కైవ్స్ కాగితాల్లో ఉంది. 2021లో గార్డియన్ పత్రిక వాటిని వెలికి తీసింది. చివరికి 1976లో వచ్చిన చట్టంలో దేశాధినేతల పెట్టుబడులకు మినహాయింపు దొరికే ఏర్పాటు జరిగింది, ఆ దారిలో పుట్టిన నామినీ కంపెనీ (అసలు యజమాని పేరు బయటపడకుండా వాటాలు తన పేరు మీద ఉంచుకునేది) 2011 దాకా నడిచింది.

సమ్మతి ప్రక్రియ కేవలం లాంఛనమని, చట్టం రూపు మార్చడానికి దాన్ని వాడలేదని ప్యాలెస్ అంటుంది. ఒకటి గమనించండి. మంత్రుల సలహా లేకుండా ప్యాలెస్ తనంతట తాను ‘కాదు’ అని ఒక్కసారీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ముసాయిదా దశలోనే మాట్లాడుకోగలిగారు. ఎలిజబెత్ కాలంలో ఇలా సమ్మతి కోసం వెళ్లిన చట్టాలు వెయ్యికి పైగా ఉన్నాయని అదే పత్రిక లెక్క తేల్చింది. వాటిలో చాలావాటికి రాణి సొంత ప్రయోజనంతో పని లేదు, అది నిజమే. 2021లో స్కాట్లండ్‌లో వచ్చిన హీట్ నెట్‌వర్క్స్ చట్టంలో మాత్రం రాణి ప్రైవేటు భూములకు మినహాయింపు పడింది, ఆమె లాయర్లు అడిగాకే.

2014లో కామన్స్ కమిటీ ఒకటి దీన్ని పరిశీలించి, ఈ పద్ధతి సభా నియమాల సంగతే గనుక తీసెయ్యాలంటే చట్టం కూడా అక్కర్లేదని తేల్చింది. రెండు సభల తీర్మానాలు చాలు. ఇప్పటికీ అలాగే ఉంది.

సభాపర్వం · #6

సమ్మతి విషయంలో తూర్పుకనుమ గారి వాదనకే బలముంది. రెండో ప్రశ్నకు వస్తాను.

ప్రధానిని రాజు తన ఇష్టంతో తొలగించడం చివరిసారి 1834లో. నాలుగో విలియం మెల్‌బోర్న్ ప్రభుత్వాన్ని పంపేసి పీల్‌ను పిలిచారు. 1835 ఎన్నికల్లో పీల్‌కు మెజారిటీ రాలేదు, నెలల్లోనే మెల్‌బోర్న్ తిరిగొచ్చారు. రాజు పరువు పోయింది. అక్కణ్ణుంచి ఎవరూ ప్రయత్నించలేదు.

ప్రధానిని ఎంచుకునే విషయంలో మాత్రం 1963 దాకా కొంత వెసులుబాటుండేది. 1957లో ప్రధాని ఈడెన్ దిగిపోయాక రాణి పార్టీ పెద్దలు సాల్స్‌బరీని, చర్చిల్‌ను సంప్రదించి మాక్మిలన్‌ను పిలిచారు. 1963లో మాక్మిలన్ ఆసుపత్రి మంచం మీదనుంచే డగ్లస్-హ్యూమ్ పేరు చెప్పారు, రాణి ఆయన్నే పిలిచారు. అప్పుడు కన్జర్వేటివ్ పార్టీకి నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతే లేదు. దుమారం రేగడంతో 1965లో పెట్టుకున్నారు, అలా గెలిచిన మొదటి నాయకుడు హీత్. ప్యాలెస్ చేతిలో మిగిలిన ఆఖరి నిర్ణయం ఆ రోజు పార్టీ ఎంపీల చేతికి పోయింది.

2010లో ఎవరికీ మెజారిటీ రానప్పుడు చూడండి. మే 6న పోలింగు, మే 11న ప్రధాని బ్రౌన్ రాజీనామా. ఆ ఐదు రోజులూ పార్టీలే మాట్లాడుకుని లెక్క తేల్చుకున్నాయి. తేలాకే ప్యాలెస్‌కు వెళ్లారు. రాణిని ఈ గొడవలోకి లాగకూడదన్నది అందరి పట్టుదల.

కృష్ణాతీరం · #7

తెలుగువాళ్లం ఇది చదువుతుంటే 1984 గుర్తు రాకుండా ఉండదు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్, ఎన్టీఆర్ సభలో బలం నిరూపించుకుంటానన్నా వినకుండా బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఊరూరా జనం రోడ్డెక్కారు. రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. బ్రిటన్ రాజు చేయలేని పని మన గవర్నరు చేశారు. మన వ్యవస్థ అక్కణ్ణుంచి తెచ్చుకున్నదే కదా, మరి తేడా ఎక్కడొచ్చింది?

సెక్షన్_మూడు · #8

తేడా మూడు చోట్ల. బ్రిటన్‌లో రాజును ప్రధాని నియమించరు, తీసేయలేరు, కాబట్టి రాజుకు ఎవరి రుణమూ లేదు. మన గవర్నర్ కేంద్రం నియమించిన మనిషి, కేంద్రం తలచుకుంటే పోయే మనిషి. రెండోది, మన రాజ్యాంగంలో 163వ అధికరణం గవర్నరుకు విచక్షణ అనే మాట రాసిచ్చింది, 200వ అధికరణం బిల్లును అట్టిపెట్టుకునే దారి ఇచ్చింది. బ్రిటన్‌లో అదంతా సంప్రదాయం. రాసిపెట్టని దాన్ని సాగదీయడానికి సందు తక్కువ. మూడోది భయం. గవర్నరు తప్పు చేస్తే ఆయన ఉద్యోగం పోతుంది, రాజు తప్పు చేస్తే వంశం పదవే పోతుంది.

అయినా కిరీటం పేరు మీద సరిగ్గా ఇలాంటిదే ఒకటి జరిగింది. 1975 నవంబరు 11న ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్ జాన్ కెర్, ప్రతినిధుల సభలో మెజారిటీ ఉన్న గఫ్ విట్లమ్‌ను తొలగించారు. సెనేట్ బడ్జెట్టు ఆపేసింది, ప్రతిష్టంభన. కెర్‌కూ ప్యాలెస్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలు ‘వ్యక్తిగతం’ అని దశాబ్దాల పాటు దాచారు. ఆస్ట్రేలియా హైకోర్టు కాదన్నాక 2020 జులైలో బయటికొచ్చాయి. తొలగింపు సంగతి రాణికి ముందుగా తెలియకపోవడమే మంచిదని కెర్ రాశారు. కానీ అంతకుముందు నెలల తరబడి, గవర్నర్ జనరల్‌కు ఉన్న అధికారాల గురించి రాణి ప్రైవేట్ సెక్రటరీ మార్టిన్ చార్టరిస్ ఆయనతో చర్చిస్తూనే ఉన్నారు. ప్యాలెస్ అమాయకత్వం మీద నాకున్న నమ్మకం ఆ ఉత్తరాలతో తగ్గింది. ఈ విషయంలో తూర్పుకనుమ గారి వైపే మొగ్గుతున్నాను.

తూర్పుకనుమ · #9

అందుకే కిరీటం అధికారం ఎవరు వాడుతున్నారో చూడాలంటాను. రాజు వాడేది కొద్ది. ఆయన పేరు మీద మంత్రులు వాడేది కొండంత. సైన్యాన్ని పంపడం, ఒప్పందాలు చేసుకోవడం, పాస్‌పోర్టులివ్వడం, ఆర్డర్ ఇన్ కౌన్సిల్ ద్వారా సభ ఊసెత్తకుండా శాసనం చేయడం. ప్రివీ కౌన్సిల్ సమావేశంలో ఎవరూ కూర్చోరు. ఆర్డర్ల పేర్లు చదువుతారు, రాజు ‘ఆమోదించాను’ అంటారు, అంతే.

2004 జూన్‌లో హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల వాళ్లు సొంతూరికి తిరిగి వెళ్లకూడదని నిషేధం ఇలాగే వచ్చింది. పార్లమెంటులో ఒక్క ఓటూ పడలేదు. ఆ దీవుల్లోని డీగో గార్సియాలో అమెరికా స్థావరం ఉంది. కేసు చివరిదాకా వెళ్తే 2008లో లార్డ్స్ న్యాయమూర్తులు 3-2తో ప్రభుత్వాన్నే సమర్థించారు. రాణికి ఆ దీవుల మీద ఏ పగా లేదు. ఒక జనాన్ని సొంతూరికి తిరిగి రాకుండా ఆపడానికి ఆమె పేరు పనికొచ్చింది. రాచరికం హానిచేయని అలంకారం అనేవాళ్లు ఈ కేసు చదవాలి.

సభాపర్వం · #10

2019 కూడా అదే కోవ. ఆగస్టు 28న బాల్‌మోరల్ కోటలో ప్రివీ కౌన్సిల్, ప్రధాని జాన్సన్ సలహా మీద పార్లమెంటును అక్టోబరు 14 దాకా ప్రొరోగ్ చేస్తూ, అంటే సమావేశాలు నిలిపేస్తూ, ఆర్డరు. బ్రెగ్జిట్ గడువు అక్టోబరు 31. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో పదకొండు మందీ ఏకగ్రీవంగా ఆ సలహాయే చట్టవిరుద్ధమన్నారు. సలహా చెల్లదు కాబట్టి ఆర్డరూ చెల్లదు, సభ ఎన్నడూ ప్రొరోగ్ కానట్టే లెక్క. లార్డ్స్‌లో చదివిన పత్రం ఖాళీ కాగితంతో సమానమని తీర్పులో ఉంది.

రాణి నిరాకరించి ఉండాల్సిందని కొందరన్నారు. నిరాకరిస్తే అది రాజ్యాంగ సంక్షోభం, ఒప్పుకుంటే చట్టవిరుద్ధమైన పనికి సంతకం. సలహా ప్రకారం నడుచుకునే దేశాధినేతకు తప్పుడు సలహా నుంచి రక్షణ లేదు. ఆ రక్షణ కోర్టు ఇచ్చింది. తర్వాత 2022 చట్టం సభను రద్దు చేసే అధికారాన్ని మళ్లీ కిరీటానికిచ్చి, దాని మూడో సెక్షన్‌లో రద్దు మీద కోర్టులు విచారణ చేయకూడదని రాసింది. ప్రొరోగేషన్‌కు మాత్రం ఆ కవచం లేదు.

ఏటిగట్టు · #11

చాలా స్పష్టంగా ఉంది. డబ్బు లెక్క కూడా ఎవరైనా చెప్తారా? ‘రాజు భూముల ఆదాయమే రాజుకిస్తున్నారు, ప్రజల సొమ్ము కాదు’ అని తరచూ వినబడుతుంది.

పద్దులపుస్తకం · #12

ఆ వాదన తప్పు. క్రౌన్ ఎస్టేట్, అంటే కిరీటం పేరు మీదున్న ఆ భూములు, రాజు సొంత ఆస్తి కాదు, ఆయన అమ్మలేరు. 1760లో మూడో జార్జ్ ఆ ఆదాయాన్ని ప్రభుత్వానికి వదిలి, బదులుగా ఏటా భత్యం తీసుకునే ఏర్పాటు చేసుకున్నారు. రాచరికం రద్దయినా ఆ భూములు రాజుతో వెళ్లవు.

ఇప్పుడున్న పద్ధతి 2011 నాటి సావరిన్ గ్రాంట్ చట్టం. రెండేళ్ల కిందటి క్రౌన్ ఎస్టేట్ లాభంలో నిర్ణీత శాతం గ్రాంటుగా వస్తుంది. మొదట 15 శాతం. బకింగ్‌హామ్ ప్యాలెస్ మరమ్మతులకు 36.9 కోట్ల పౌండ్లు కావాలని 2017 నుంచి 25 శాతం చేశారు. సముద్రంలో గాలిమరల లీజులతో ఎస్టేట్ లాభం ఒక్కసారిగా 110 కోట్ల పౌండ్లకు ఎగబాకడంతో 12 శాతానికి తగ్గించారు. లెక్క వేయండి: 110 కోట్లలో 12 శాతం అంటే 13.2 కోట్లు. 2025-26 గ్రాంటు అదే. అంతకుముందు నాలుగేళ్లూ 8.63 కోట్లు. శాతం సగానికి తగ్గించామని ప్రకటన, చేతికొచ్చే సొమ్ము మాత్రం సగానికి పైగా పెరిగింది.

ఇందులో అసలు లోపం ఇంకొకటి. గ్రాంటు ముందటి ఏడాది కంటే తగ్గకూడదని చట్టంలోనే ఉంది. కోవిడ్‌లో ఎస్టేట్ లాభం పడిపోయినా గ్రాంటు పైసా తగ్గలేదు. సముద్రగర్భం అద్దెకూ ఒక కుటుంబం అధికారిక ఖర్చుకూ ముడిపెట్టడానికి నాకు ఏ కారణమూ కనబడదు. అవసరమైనంత బడ్జెట్టులో అడిగి తీసుకోవాలి.

పోలీసు భద్రత ఈ గ్రాంటులో లేదు, ఆ ఖర్చు ప్రభుత్వం బయటపెట్టదు. డచీలు వేరు: లాంకస్టర్ రాజుకు, కార్న్‌వాల్ యువరాజుకు. కార్న్‌వాల్ దాదాపు 52,000 హెక్టార్లు. ఈ రెండిటికీ కార్పొరేషన్ పన్ను లేదు. ఆదాయపు పన్ను 1993 నుంచి స్వచ్ఛందంగా కడుతున్నారు. ఒక రాజు నుంచి తర్వాతి రాజుకు వెళ్లే ఆస్తికి వారసత్వపు పన్ను లేదు. లాంకషైర్ పాత సరిహద్దుల్లో వీలునామా లేక, వారసులు లేక చనిపోయిన వాళ్ల ఆస్తి ప్రభుత్వ ఖజానాకు కాక డచీ ఆఫ్ లాంకస్టర్‌కు చేరుతుంది.

కృష్ణాతీరం · #13

ఏటిగట్టు గారు అడిగిన రహస్యం సంగతికి జవాబు: 2015లో, అప్పటికి యువరాజైన చార్లెస్‌కూ మంత్రులకూ మధ్య నడిచిన 27 ఉత్తరాలు బయటికొచ్చాయి, గార్డియన్ విలేఖరి పదేళ్లు పోరాడితే, సుప్రీంకోర్టు ఒప్పుకుంటే. కానీ ఆ కేసు నడుస్తుండగానే సమాచార చట్టాన్ని మార్చేశారు. 2011 జనవరి నుంచి రాజుతో, వారసుడితో, ఆ తర్వాతి వారసుడితో నడిచే ఉత్తరప్రత్యుత్తరాలకు పూర్తి మినహాయింపు. ప్రజాప్రయోజనం ఉందని వాదించినా ఇవ్వరు. ఇరవై ఏళ్లు, లేదా ఆ వ్యక్తి చనిపోయాక ఐదేళ్లు, ఏది తర్వాతైతే అది. ఆ చట్టం కింద ఇప్పుడు అలాంటి కేసు వేసే వీలే లేదు.

సెక్షన్_మూడు · #14

ఈ మధ్య రాజు తమ్ముడు ఆండ్రూ బిరుదుల విషయంలో అడుగుతున్నవాళ్లకు: ‘ప్రిన్స్’ అనే హోదా రాజు ఇచ్చేది, లెటర్స్ పేటెంట్‌తో తీసేయొచ్చు, 2025 నవంబరులో అలాగే తీసేశారు. డ్యూక్ బిరుదు అలా పోదు, దాన్ని రద్దు చేయడానికి పార్లమెంటు చట్టం కావాలి. అందుకని పేరును పీరేజీ రిజిస్టరు (బిరుదులున్నవాళ్ల అధికారిక జాబితా) నుంచి తొలగించి సరిపెట్టారు. వారసత్వ వరసలో ఎనిమిదో స్థానం అలాగే ఉంది. దాన్ని మార్చాలంటే బ్రిటన్ ఒక్కటే చాలదు, చార్లెస్ రాజుగా ఉన్న మిగతా 14 దేశాలూ కలిసిరావాలి. పరువు కాపాడుకోవడానికి తన చేతిలో ఉన్నదల్లా రాజు వాడేశారు, మిగిలింది సభల పని.

తెమ్స్_తెలుగు · #15

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు పనికొచ్చే రెండు ముక్కలు. పౌరసత్వం తీసుకునేటప్పుడు రాజుకు, ఆయన వారసులకు విధేయత ప్రమాణం తప్పదు. దేవుడి పేరు వద్దనుకుంటే దృఢవచనం చెప్పొచ్చు, రాజు పేరు మాత్రం రెండిట్లోనూ ఉంటుంది. రాచరికం పోవాలని శాంతియుతంగా కోరడం ఆ ప్రమాణానికి అడ్డు కాదు. అలాంటి విధేయత ప్రమాణమే చేయని ఎంపీ సభలో కూర్చోలేరు. ఉత్తర ఐర్లండ్‌లో గెలిచే సిన్ ఫేన్ పార్టీ సభ్యులు గెలిచినా కూర్చోనిది ఇందుకు కూడా.

రెండోది, భారత పాస్‌పోర్టుతోనే ఉన్నా, చట్టబద్ధంగా అక్కడ నివసిస్తూ ఓటరుగా నమోదైతే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు, కామన్వెల్త్ పౌరులు కాబట్టి. సమ్మతి పద్ధతి తీసెయ్యమని మీ ఎంపీకి ఉత్తరం రాసే హక్కూ మీకుంది.

ఏటిగట్టు · #16

ఒక చట్టానికి రాజసమ్మతి తీసుకున్నారో లేదో మనం సొంతంగా ఎలా కనుక్కోవాలి?

తూర్పుకనుమ · #17

పార్లమెంటు వెబ్‌సైటులో ఆ బిల్లు పేజీ తెరవండి. దశల జాబితాలో కామన్స్ మూడో పఠనం తేదీ చూసి, ఆ రోజు హాన్సార్డ్‌కు (సభలో మాట్లాడినదంతా రాసిపెట్టే అధికారిక రికార్డు) వెళ్లండి. చర్చ మొదట్లోనే సమ్మతి తెలిపినట్టు ఒక్క పంక్తి ఉంటుంది. యువరాజుది కూడా తీసుకుంటే ఆ పేరూ ఉంటుంది. లార్డ్స్‌లోనూ మూడో పఠనం మొదట్లోనే చూడండి, రాజు తన విశేషాధికారాన్ని, ప్రయోజనాన్ని ఈ బిల్లు మేరకు పార్లమెంటుకు అప్పగిస్తున్నారని మంత్రి చదివిన వాక్యం ఉంటుంది. చాలామంది రెండో పఠనంలో వెతికి లేదనుకుంటారు. బిల్లు ప్రధానంగా విశేషాధికారం గురించే అయితేనే అక్కడ కనబడుతుంది.

సమ్మతి తీసుకున్నారని తెలుస్తుంది. ఏ క్లాజు కోసం, ఉత్తరంలో ఏం రాశారు, ప్యాలెస్ ఏం మార్చమంది అన్నది అక్కడ దొరకదు. పాత బిల్లులకైతే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ మంత్రిత్వ శాఖ ఫైళ్లు తెప్పించుకోవాలి. 1973 కాగితాలు దొరికింది అలాగే.